మేనరికం వల్ల కాదు: మా పాపకు డీడీఎక్స్3ఎక్స్ అని తేలేదాకా ఏం జరిగిందంటే

మా పాపకు డీడీఎక్స్3ఎక్స్ సిండ్రోమ్ అని, అంటే ఆ పేరున్న జన్యువులో మార్పు వల్ల ఎదుగుదల వెనకబడే జబ్బు అని, 2024 నవంబరులో ఖాయంగా తేలింది. అప్పటికి దానికి మూడేళ్ళు దాటాయి. అనుమానం మొదలైనప్పటి నుంచి పేరు తెలిసేదాకా దాదాపు రెండున్నరేళ్ళు పట్టింది. ఇదే దారిలో ఉన్నవాళ్ళకి ఏ టెస్టుకు ఎంతకాలం ఆగాలో, ఎక్కడ ఎంత ఖర్చవుతుందో, ఏ కాగితం చూసి అంత భయపడనక్కర్లేదో తెలుస్తుందని రాస్తున్నాను. మేము తెనాలి వాళ్ళం. మాది మేనరికం, బావ మా సొంత మేనత్త కొడుకు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే మా ఇంట్లో ఈ రెండున్నరేళ్ళ గొడవంతా దాని చుట్టూనే తిరిగింది.

పాప 2021 ఆగస్టులో పుట్టింది. నెలలు నిండాకే, నార్మల్ డెలివరీ, పుట్టగానే ఏడ్చింది, బరువు 2.7 కిలోలు. పాలు గట్టిగా లాగేది కాదు, పది నిమిషాలకే అలిసిపోయి నిద్రపోయేది. చంకలకింద చేతులు పెట్టి ఎత్తితే భుజాలు పైకి లేచి మనిషి కిందికి జారిపోయేది, అది నాకు బాగా గుర్తు, ఎందుకంటే స్నానం చేయించేటప్పుడు రోజూ భయంగా ఉండేది. ఐదో నెలకు మెడ నిలవలేదు. అడిగితే తలా ఒక మాట. కొందరు పిల్లలు లేటు అన్నారు, మీ ఆయన కూడా రెండేళ్ళకి గానీ నడవలేదు అన్నారు, నువ్వు ఊరికే టెన్షన్ పడి పిల్లని కూడా భయపెడుతున్నావు అన్నారు. పదో నెల వచ్చినా ఆనించకుండా కూర్చోలేకపోయింది. 2022 జూన్‌లో టీకాకి తీసుకెళ్ళినప్పుడు పిల్లల డాక్టరుగారు పాపని బోర్లా పడుకోబెట్టి, లేపి, చేతులు కాళ్ళు వంచి చూసి, న్యూరాలజిస్టుకి చూపించండి అని చీటీ రాశారు. ఆ చీటీ రాస్తూనే అడిగారు: "మేనరికమా?"

అప్పటి నుంచి ప్రతి ఓపీలో అదే మొదటి ప్రశ్న. ఔనంటే పెన్ను ఆగేది, తర్వాత కాగితం మీద 'థర్డ్ డిగ్రీ' అని, అంటే మేనత్త పిల్లలంత దగ్గరి రక్తసంబంధం అని, రాసి కింద గీత గీసేవారు. వాళ్ళు అడగడంలో తప్పేం లేదని నాకు తర్వాత అర్థమైంది, అడగాల్సిన ప్రశ్నే. కానీ ఆ గీత కింద ఇంకేమీ రాయకుండా వదిలేసినవాళ్ళు కూడా ఉన్నారు. కారణం దొరికిపోయిందన్నట్టే ఉండేది వాళ్ళ తీరు.

ఎమ్మారై 2022 నవంబరులో గుంటూరులో తీయించాం. పిల్లలకి ఎమ్మారై అంటే స్కాన్ కంటే ముందు నిద్ర పెద్ద పని. నాలుగు గంటలు ఏమీ తినిపించొద్దన్నారు, పొద్దున తొమ్మిదికి టైమిచ్చి మధ్యాహ్నం ఒంటిగంట దాటాక లోపలికి పిలిచారు. ఆకలికి ఏడ్చి ఏడ్చి వాడిపోయింది. నిద్రమందు సిరప్ పట్టిస్తే సగం కక్కేసింది, చివరికి మత్తు డాక్టరుని పిలిచి ఇంజెక్షన్ ఇచ్చారు. ముందు చెప్పిన దానికి ఆయన ఫీజు అదనం, అన్నీ కలిపి పదకొండు వేలు దాటింది. మీరు వెళ్ళేటప్పుడు మత్తు డాక్టరు ఆ రోజు ఉంటారా, వాళ్ళ ఫీజు ఇందులోనే కలిసిందా అని ఫోనులోనే అడగండి. వీలైతే ఆ రోజు మొదటి స్లాటు మీదే అయ్యేట్టు చూసుకోండి.

రిపోర్టులో మెదడు కుడి ఎడమ భాగాలను కలిపే కార్పస్ కెలోజమ్ సన్నగా ఉందని, మెదడులోని నీటి గదులు కొంచెం పెద్దగా ఉన్నాయని వచ్చింది. దాన్ని చూసి 'సీపీ' అన్నారు, అంటే సెరెబ్రల్ పాల్సీ, చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కదలికలు సరిగా రాకపోవడం. నేను అప్పుడే అడిగాను, పుట్టగానే ఏడ్చింది కదా సార్, ఊపిరి ఆడక ఐసీయూలో పెట్టింది కూడా లేదు, మరి సీపీ ఎలా వస్తుందని. కొన్నిసార్లు కారణం తెలియదమ్మా, ఫిజియోథెరపీ మొదలుపెట్టండి అన్నారు. థైరాయిడ్, మెటబాలిక్ టెస్టులు, వినికిడికి బెరా, అన్నీ నార్మల్. 2023 మొదట్లో క్రోమోజోముల టెస్టు, కారియోటైప్ అంటారు, అదీ చేయించాం. నాలుగు వేలలోపే అయింది, నెల రోజులకి '46, ఎక్స్ఎక్స్' నార్మల్ అని వచ్చింది. జెనెటిక్ టెస్టు నార్మల్ వచ్చేసింది కాబట్టి ఇక జన్యువుల్లో ఏమీ లేదనే ఇంట్లో అందరం అనుకున్నాం. అది క్రోమోజోముల లెక్క, పెద్ద పెద్ద ముక్కలు పోయాయా, ఎక్కువయ్యాయా అని మాత్రమే చూస్తుందని, జన్యువు లోపల ఒక్క అక్షరం మారితే దానికి కనపడదని ఆ రిపోర్టు చేతిలో పెట్టినవాళ్ళు చెప్పలేదు. ఈ ఒక్క ముక్క తెలియక ఏడాది గడిచిపోయిన వాళ్ళు మాలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు, తర్వాత మాట్లాడితే తెలిసింది.

ఆ ఏడాదంతా ఫిజియోథెరపీ. రోజుకి నాలుగు వందలు, వారానికి ఐదు రోజులు. పాప రెండేళ్ళకి కూర్చుంది, తర్వాత గోడ పట్టుకుని నిలబడింది. మాటలు మాత్రం రాలేదు. సంతోషం వస్తే రెండు చేతులూ ఆడించేది, ఎత్తుకోమంటే మన చెయ్యి పట్టి లాగేది. ఇంట్లో పరిస్థితి ఇంకోరకంగా పాడైంది. ఈ సంబంధం కావాలని పట్టుబట్టింది మా అత్త. ఒప్పుకున్నది మా నాన్న. చుట్టాలు ఎవరొచ్చినా 'దగ్గర సంబంధం చేస్తే ఇంతే' అని ఒక మాట అనేసి పోయేవాళ్ళు. అన్నాచెల్లెళ్ళిద్దరూ, చిన్నప్పటి నుంచి ఒకరికొకరు ప్రాణం పెట్టుకున్నవాళ్ళు, ఒకే గదిలో కూర్చుని మాట్లాడుకోవడం మానేశారు. నాన్న మా ఇంటికి వస్తే పాపని చూసి గుమ్మం నుంచే వెళ్ళిపోయేవారు. నాకు పాప గురించి ఏడవాలో వీళ్ళ గురించి ఏడవాలో తెలిసేది కాదు.

2024 మేలో ఫిజియోథెరపిస్టమ్మాయే చెప్పింది. "అక్కా, సీపీ పిల్లలకి కాళ్ళు బిగుసుకుపోతాయి, పాప ఒళ్ళు చూస్తే ఇంకా మెత్తగానే ఉంది, ఒకసారి జెనెటిక్స్ డాక్టరుకి చూపించండి" అని. సీపీలో మెత్తగా ఉండే రకం కూడా ఉందట, కానీ ఆ అమ్మాయి అనుమానమే మమ్మల్ని సరైన గుమ్మానికి చేర్చింది. హైదరాబాదులో జెనెటిక్స్ ఓపీకి అపాయింట్‌మెంటు జూన్ చివరికి దొరికింది.

అక్కడ అందరూ అడిగిన ప్రశ్నే అడిగారు, కానీ అడిగిన పద్ధతి వేరు. డాక్టరమ్మగారు తెల్లకాగితం తీసుకుని వంశవృక్షం గీయడం మొదలుపెట్టారు. మగవాళ్ళకి చతురస్రం, ఆడవాళ్ళకి సున్నా. మా తాతయ్య, నాయనమ్మ నుంచి మొదలుపెట్టి నాన్న, అత్త, వాళ్ళ పిల్లలు, పోయినవాళ్ళు, గర్భం నిలవనివాళ్ళు, అందరి గురించీ దాదాపు ముప్పావుగంట అడిగారు. భార్యాభర్తల మధ్య ఒక గీత గీస్తారు, నాకూ బావకీ మధ్య మాత్రం రెండు గీతలు గీశారు. రక్తసంబంధానికి అది గుర్తట. ఆ రెండు గీతలు చూసి నాకు కళ్ళల్లో నీళ్ళు వచ్చేశాయి. ఆవిడ కాగితం పక్కన పెట్టి, "ఇది ఎక్కడ వెతకాలో తెలియడానికమ్మా, ఎవరి తప్పో రాయడానికి కాదు" అన్నారు. రెండేళ్ళలో ఎవరూ అనని మాట అది.

పాప తల చుట్టుకొలత, కళ్ళ దూరం, వేళ్ళు, ఒంటిమీద రంగు మచ్చలు, వెన్నెముక అన్నీ చూసి, ఫొటోలు తీసుకుని, హోల్ ఎక్సోమ్ సీక్వెన్సింగ్ రాశారు. మనిషికి ఉన్న దాదాపు 20 వేల జన్యువుల్లో ప్రొటీన్ తయారీకి సంబంధించిన భాగాలన్నీ ఒకేసారి చదివే టెస్టు ఇది. పాప ఒక్కదానికే చేస్తే 22 వేలు, తల్లిదండ్రులతో కలిపి ముగ్గురికీ చేస్తే 45 వేలన్నారు. మేము పాపకి మాత్రమే చేయించాం, అవసరమైతే తర్వాత మా ఇద్దరిదీ ఆ ఒక్కచోటే చూడొచ్చన్నారు. ఊదారంగు మూత ట్యూబులో రక్తం తీసుకున్నారు, మూడు మిల్లీలీటర్లు కూడా ఉండదు. దానికంటే సంతకాలే ఎక్కువ. అందులో ఒక ప్రశ్న ఉంది, అడిగిన సమస్యకి సంబంధం లేకుండా వేరే పెద్ద జబ్బులకి కారణమయ్యే మార్పు ఏదైనా అనుకోకుండా కనిపిస్తే చెప్పాలా వద్దా అని. నిలబడి సంతకం పెట్టే ప్రశ్న కాదది. మేము బయటికి వెళ్ళి టీ తాగి, మాట్లాడుకుని వచ్చి చెప్పమనే టిక్కు పెట్టాం.

ఇంకో సంగతి. టెస్టు ఫారంలో 'రోగి లక్షణాలు' అని చిన్న గడి ఉంటుంది. ల్యాబు వాళ్ళు వేలకొద్దీ మార్పుల్లోంచి ఏది ముఖ్యమో ఏరడానికి ఆ గడిలో రాసిందే ఆధారం. డాక్టరమ్మగారు ఎమ్మారై సంగతి, కండరాల మెత్తదనం, మాట రాకపోవడం, మలబద్ధకం, మెల్ల అన్నీ అందులో పట్టేట్టు రాసి ఎమ్మారై రిపోర్టు జత చేశారు. మీ ఫారంలో 'ఎదుగుదల లేటు' అని ఒక్క ముక్క రాసి పంపేస్తుంటే, దయచేసి ఆపి మిగతావి కూడా రాయించండి.

నాలుగైదు వారాల్లో వస్తుందన్నారు. మూడు వారాలకి ల్యాబు నుంచి ఫోను వచ్చింది. రిజల్టేమో అని గుండె గబగబా కొట్టుకుంది. తీరా చూస్తే డీఎన్ఏ సరిపడా రాలేదు, మళ్ళీ రక్తం కావాలని. అదృష్టం ఏంటంటే హైదరాబాదు వెళ్ళక్కర్లేకుండా తెనాలికే మనిషిని పంపించారు, డబ్బు మళ్ళీ తీసుకోలేదు. కానీ రోజుల లెక్క మళ్ళీ మొదటికొచ్చింది. జూలై, ఆగస్టు అలాగే గడిచాయి. పాప మూడో పుట్టినరోజు ఆ ఎదురుచూపులోనే చేశాం.

రిపోర్టు సెప్టెంబరు మొదటి వారంలో వచ్చింది, రాత్రి పదిన్నరకి, మెయిల్లో, పీడీఎఫ్‌గా. డాక్టరుకి చేరకముందే మాకు వచ్చేసింది. మొదటి పేజీలో ఒక పట్టిక. జన్యువు: డీడీఎక్స్3ఎక్స్. హెటరోజైగస్, అంటే రెండు కాపీల్లో ఒకదాంట్లోనే మార్పు. జనాభా డేటాబేసుల్లో ఈ మార్పు ఎక్కడా కనిపించలేదు. చివరి గడిలో 'వేరియెంట్ ఆఫ్ అన్‌సర్టెన్ సిగ్నిఫికెన్స్'. అందరూ వీయూఎస్ అంటారు. అంటే ఇది జబ్బుకి కారణమో కాదో ఇప్పుడున్న ఆధారాలతో చెప్పలేం అని. ఇన్నాళ్ళు ఆగి, ఇంత డబ్బు పెట్టి, చివరికి తెలియదు అనే మాట కొనుక్కున్నామా అనిపించింది. బావ ఫోను పక్కన పడేసి మేడమీదికి వెళ్ళిపోయాడు.

నేను ఆ పేరు పెట్టి వెతకడం మొదలుపెట్టాను. మొదట కనిపించినవన్నీ క్యాన్సర్లు. చిన్నపిల్లల్లో వచ్చే మెడులోబ్లాస్టోమా అనే మెదడు గడ్డలో ఈ జన్యువు మారి ఉంటుందని, హెచ్ఐవీ, హెపటైటిస్ సీ వైరస్‌లు ఈ ప్రొటీన్‌ని వాడుకుంటాయని. కాళ్ళూ చేతులూ ఆడలేదు. తెల్లవార్లూ పాప పక్కనే కూర్చుని దాని తల తడుముతూ ఉన్నాను. రిపోర్టులు రాత్రిపూట మెయిల్లో నేరుగా పంపే పద్ధతి మారాలని గట్టిగా అనుకుంటున్నాను. మీకు వీలుంటే శాంపిల్ ఇచ్చేటప్పుడే డాక్టరుకి ముందు పంపమని చెప్పండి, రిజల్టు వచ్చాక వారంలోపు కూర్చుని మాట్లాడే టైము కూడా అప్పుడే తీసుకోండి. మాకు ఆ తర్వాత అపాయింట్‌మెంటు దొరకడానికి రెండు వారాలు పైనే పట్టింది. మొత్తం ఈ రెండున్నరేళ్ళలో నాకు అన్నిటికంటే కష్టమైనవి ఆ రెండు వారాలే.

సెప్టెంబరు చివర్లో వెళ్ళాం. డాక్టరమ్మగారు మొదట క్యాన్సరు సంగతే తేల్చారు. గడ్డలోని కణాల్లో మధ్యలో వచ్చే మార్పు వేరు, పుట్టుకతో ఒంట్లో ఉన్న మార్పు వేరు, రెండూ ఒకే జన్యువు కాబట్టి వెతికితే ఒకేచోట కనిపిస్తాయి, అంతే అన్నారు. ప్రాణం లేచొచ్చింది.

తర్వాత ఆ జన్యువు ఏం చేస్తుందో చెప్పారు. ప్రతి కణం డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ అనే నకలు తీసుకుంటుంది, ఆ నకలు చదివి ప్రొటీన్ తయారుచేస్తుంది. ఆర్ఎన్ఏ పోగు తిన్నగా ఉండదు, తన మీద తానే మడతపడి మెలికలు వేసుకుంటుంది. మెలిక ఉన్నచోట చదివే యంత్రం, రైబోజోమ్, ఆగిపోతుంది. ఆ మెలికలు విప్పే ఎంజైముల్ని ఆర్ఎన్ఏ హెలికేసులు అంటారు, కణానికి ఇంధనంలాంటి ఏటీపీ నుంచి వచ్చే శక్తితో అవి ఆ పని చేస్తాయి. డీడీఎక్స్3ఎక్స్ చేసేది అలాంటి ఒక హెలికేసుని. నాకు వెంటనే జడ వేసేముందు చిక్కు తీయడం గుర్తొచ్చింది, చిక్కు తీయకపోతే పాయలు తీయలేం. కడుపులో బిడ్డ మెదడు కట్టుకునే రోజుల్లో ఈ పని చాలా ఎక్కువగా కావాలట. ఆ ప్రొటీన్‌లో 662 అమైనో ఆమ్లాలు వరసగా ఉంటాయి. మా పాపకి అందులో ఒక్కటి మారింది. ఆవిడ రిపోర్టులో ఆ లైను మీద పెన్సిలు మొన పెట్టి, ఇదిగో ఇది, ఎంజైములో విప్పే పని చేసే భాగంలోనే ఉంది, ఇప్పటిదాకా పిల్లల్లో జబ్బు చేసిన ఇలాంటి మార్పులు దాదాపు అన్నీ ఆ భాగంలోనే కనిపించాయి, అందుకే నాకు అనుమానం అన్నారు.

మరి రెండు ఎక్స్ క్రోమోజోములుంటాయి కదా, ఇంకోటి బాగానే ఉంది కదా అని బావ అడిగాడు. మంచి ప్రశ్న అన్నారు. ఆడపిల్లల్లో ప్రతి కణంలో రెండు ఎక్స్‌లలో ఒకటి పనిచేయకుండా మూసుకుపోతుంది, కానీ ఈ జన్యువు మాత్రం ఆ మూసుకున్న ఎక్స్ మీద నుంచి కూడా పని చేస్తూనే ఉంటుంది. అంటే ఆడపిల్లకి రెండు కాపీలూ అవసరమే. మగపిల్లల్లో ఉన్న ఒక్క కాపీ పూర్తిగా పాడైతే పిండం బతకడమే కష్టం, అందుకే ఈ సిండ్రోమ్ ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలే.

ఆ తర్వాత చెప్పిందే అసలు సంగతి. వీయూఎస్ అనేది తీర్పు కాదు, ఆధారాలు చాలక ఆగిన చోటు. ఆ ఆధారాల్లో చాలా బలమైనది ఒకటి మీ దగ్గరే ఉంది, మీ ఇద్దరి రక్తం. ఈ మార్పు తల్లికీ తండ్రికీ లేకుండా బిడ్డకి కొత్తగా వచ్చిందని రుజువైతే, దీని తరగతే మారిపోతుంది అన్నారు. అలా కొత్తగా రావడాన్ని డీనోవో అంటారు. సాంగర్ టెస్టుతో ఆ ఒక్క చోటే చూస్తారు, ఇద్దరికీ కలిపి తొమ్మిది వేలు. అక్కడికక్కడే ఇచ్చేశాం. ముగ్గురికీ మొదటే చేయించి ఉంటే 45 వేలు, మాకు మొత్తం 31 వేలతో అయింది కానీ ఇంకో ఆరు వారాలు ఆగాల్సివచ్చింది. డబ్బు వెసులుబాటు ఉన్నవాళ్ళు ముగ్గురిదీ ఒకేసారి చేయించుకోవడం నయం. లేనివాళ్ళు మాలాగే చేయొచ్చు, కానీ వీయూఎస్ దగ్గర మాత్రం ఆగిపోవద్దు. రిపోర్టులో తెలియదు అని వచ్చింది కదా అని బీరువాలో పెట్టేసినవాళ్ళు ఉన్నారు. తల్లిదండ్రుల టెస్టు సంగతి వాళ్ళకెవరూ చెప్పలేదు.

నవంబరు రెండో వారంలో ఫోను వచ్చింది, ఈసారి డాక్టరమ్మగారే చేశారు. మీ ఇద్దరిలో ఎవరికీ లేదు, కొత్తగా వచ్చిన మార్పే, రిపోర్టు 'లైక్లీ పాథోజెనిక్'గా మారింది, అంటే ఇదే కారణమని నమ్మొచ్చు అన్నారు. నేను మళ్ళీ మళ్ళీ ఒకటే అడిగాను, మేనరికం వల్ల కాదా అండీ అని. కాదమ్మా, అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు గానీ, ఆ తర్వాత తొలి రోజుల్లో గానీ వచ్చిన మార్పు, మీరు ఎవరిని చేసుకున్నా రావచ్చు అన్నారు. రెండు వైపులా ఒకే జన్యువు పాడైన కాపీ వస్తే వచ్చే జబ్బులకే మేనరికంతో సంబంధం, ఇది ఒక్క కాపీతో వచ్చేది.

స్పీకర్ పెట్టి ఉన్నాను, అత్త వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. ఫోను పెట్టేశాక, "అయితే నా పంతం వల్ల కాదా?" అంది. కాదత్తా అన్నాను. కింద కూర్చుండిపోయి కొంగు మొహాన పెట్టుకుని ఏడ్చింది. మూడేళ్ళుగా ఆవిడ లోపల ఏం మోస్తోందో నాకు అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రం మా నాన్నకి తనే ఫోను చేసింది. "అన్నయ్యా, మనవల్ల కాదంట" అని. ఆదివారం నాన్న వచ్చి పూటంతా పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

ఇక్కడ ఒకటి చెప్పాలి, మా కథ చూసి మేనరికంలో ఏ ఇబ్బందీ లేదని అనుకోవద్దు. మామూలుగా ఏ దంపతులకైనా బిడ్డకి పుట్టుకతో సమస్య వచ్చే అవకాశం 2, 3 శాతం ఉంటే, దగ్గరి మేనరికంలో అది దాదాపు రెట్టింపు అని డాక్టరమ్మగారు స్పష్టంగానే చెప్పారు. రెండో బిడ్డ అనుకుంటే రెండు సంగతులు విడివిడిగా చూడమన్నారు. డీడీఎక్స్3ఎక్స్ మళ్ళీ రావడం చాలా తక్కువ, ఒక శాతం లోపే, అదీ తల్లి అండాల్లోనో తండ్రి వీర్యకణాల్లోనో కొన్నిట్లో ఆ మార్పు రక్తంలో కనపడకుండా దాగి ఉంటే. కావాలంటే గర్భంలో ఉమ్మనీరు తీసి ఆ ఒక్క మార్పు చూడొచ్చు. ఇక దగ్గరి సంబంధం కాబట్టి తలసేమియా, ఎస్ఎంఏ (కండరాలు బలహీనమయ్యే జబ్బు) లాంటి వాటికి మేమిద్దరం క్యారియర్ టెస్టు, అంటే జబ్బు లేకపోయినా పాడైన కాపీ ఒకటి మోస్తున్నామా అని చూసే టెస్టు, చేయించుకోవడం వేరే పని. అది ఈ ఏడాదిలో చేయిస్తాం.

పేరు తెలిస్తే ఒరిగేదేంటి, మందు లేదు కదా అని మా చుట్టాల్లో ఒకాయన అన్నారు. మందు లేదు, నిజమే. కానీ ఏం వెతకాలో తెలిసింది. ఈ సిండ్రోమ్ ఉన్న కొందరికి ఫిట్స్ వస్తాయని ఈఈజీ తీయించారు, ప్రస్తుతానికి ఫరవాలేదు. కళ్ళు చూపిస్తే దగ్గర చూపుకి పవరు బాగా ఎక్కువే ఉంది, అద్దాలు పెట్టిన వారంలోనే బొమ్మల పుస్తకం పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది, అంతకుముందు విసిరేసేది. అది సరిగా కనపడక అని మాకేం తెలుసు! మలబద్ధకం కూడా ఇందులో భాగమేనని తెలిశాక దానికి సరైన మందు రాశారు, రాత్రి ఏడుపు సగం తగ్గింది. వెన్నెముక వంకర పోతుందేమో, ఈడు ముందే వస్తుందేమో చూస్తూ ఉండాలన్నారు. స్పీచ్ థెరపీలో మాటల కోసం ఆగకుండా బొమ్మల కార్డులు మొదలుపెట్టారు. ఇప్పుడు నీళ్ళ గ్లాసు కార్డు తెచ్చి నా చేతిలో పెడుతుంది. 2025 ఫిబ్రవరిలో నడిచింది కూడా, కాళ్ళు ఎడంగా పెట్టి.

బావ తమ్ముడు ఫార్మసీ చదివాడు, వాడి సాయంతో రెండు పేపర్లు చదివించుకున్నాను. ఈ జన్యువు వల్ల ఆడపిల్లల్లో ఇలా అవుతుందని మొదటిసారి గట్టిగా రాసింది 2015లో, 38 మంది అమ్మాయిల వివరాలతో. కారణం తెలియని బుద్ధిమాంద్యం ఉన్న ఆడపిల్లల్లో 1 నుంచి 3 శాతానికి ఇదే కారణం కావచ్చని అందులో ఉంది. 2020లో ఇంకో పేపరు, 107 మందితో, ఏ మార్పుకి తీవ్రత ఎంత ఉంటుందో కొంత తెలిసింది అందులోనే. మా పాప పదేళ్ళు ముందు పుట్టి ఉంటే ఇదే రక్తం ఇచ్చినా ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. 1 నుంచి 3 శాతం అంటే మన ఊళ్ళలో సీపీ అనో, బుద్ధిమాంద్యం అనో రాసిపెట్టిన ఎంతమంది ఆడపిల్లలు ఇందులో ఉండి ఉంటారో ఆలోచించండి. వాళ్ళ అమ్మలు కూడా నాలాగే ఆ మేనరికం మాట పడుతూ ఉంటారు. అమెరికాలో తల్లిదండ్రులే పెట్టుకున్న డీడీఎక్స్3ఎక్స్ ఫౌండేషన్ ఉంది, వాళ్ళకి రాశాం.

కాగితాల పని గురించి కూడా. వైకల్య సర్టిఫికెట్టు కోసం సదరం స్లాటు సచివాలయంలో బుక్ చేసుకోవాలి, మాకు నెల పైనే పట్టింది. జెనెటిక్ రిపోర్టు చూపిస్తే సరిపోతుందనుకుని వెళ్ళాం, కానీ సర్టిఫికెట్టు జబ్బు పేరు మీద ఇవ్వరు, ఎదుగుదల ఎంత వెనకబడిందనే అంచనా మీద ఇస్తారు. కాబట్టి సైకాలజిస్టు అసెస్‌మెంటు రిపోర్టు ముందే చేయించి పట్టుకెళ్ళండి. చిన్నపిల్లలకి ఇచ్చేది తాత్కాలిక సర్టిఫికెట్టే, ఐదేళ్ళు దాటాక మళ్ళీ పరీక్ష. అసెస్‌మెంటుకి, థెరపీ నేర్చుకోవడానికి సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీకి (బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం ఉన్న జాతీయ సంస్థ) వెళ్ళొచ్చు, తల్లిదండ్రులకి ఇంట్లో ఏం చేయించాలో ఓపిగ్గా చూపిస్తారు. సర్టిఫికెట్టు వచ్చాక నేషనల్ ట్రస్టు వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమాకి పెట్టుకోండి, ఏడాదికి లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చులకి కూడా వర్తిస్తుంది. బిల్లులన్నీ దాచుకోవాలి, ఫిజియోథెరపీ వాళ్ళు అడిగితే గానీ రసీదు ఇవ్వరు.

ల్యాబు నుంచి రిపోర్టుతో పాటు ముడి డేటా ఫైళ్ళు కూడా అడిగి తీసుకోండి, రాతపూర్వకంగా అడిగితే ఇచ్చారు మాకు. ఏమీ దొరకనివాళ్ళు, వీయూఎస్‌తో ఆగినవాళ్ళు ఒకటి రెండేళ్ళకోసారి ఆ డేటాని మళ్ళీ చూడమని అడగాలి, అప్పటికి కొత్త జన్యువులు తెలుస్తాయి, రక్తం మళ్ళీ ఇవ్వక్కర్లేదు. నేను పాప ఫైలులో అన్నిటికంటే పైన మారిన రిపోర్టు మొదటి పేజీ, దాని కింద డాక్టరమ్మగారు అరపేజీలో రాసిచ్చిన వివరం పెట్టుకున్నాను. ఏ కొత్త డాక్టరు దగ్గరికి వెళ్ళినా మేనరికమా అని అడుగుతారు. ఔనండీ, కానీ ఇది డీనోవో అని ఆ కాగితం ఇస్తాను. పోయిన నెల పళ్ళ డాక్టరుగారు చదివి, ఈ పేరు ఎప్పుడూ వినలేదమ్మా అని ఫోనులో ఫొటో తీసుకున్నారు.